చిట్టి కమ్మరి దీవి

పిల్లలూ! మీ అట్లాసు తెచ్చుకుని యూరపు ఖండం పటం తెరవండి. యూరపుకు దిగువన, ఆఫ్రికాకు ఎగువన, చుట్టూ నేలతో మూసి ఉన్న నీలిరంగు సముద్రం కనిపిస్తున్నది కదా! అదే మధ్యధరా సముద్రం. దాని పడమటి భాగంలో, స్పెయిన్ దేశపు తీరానికి తూర్పుగా, కొన్ని దీవులు చుక్కలలాగా ఉంటాయి. వాటిని బెలియారిక్ దీవులు అంటారు. వాటిలో అన్నిటికన్నా పెద్దది మయోర్కా. కొన్ని పటాలలో దీనినే మజోర్కా అని కూడా రాస్తారు. దీని విస్తీర్ణం సుమారు 3,640 చదరపు కిలోమీటర్లు. అంటే మన గోవా రాష్ట్రం కన్నా రవంత చిన్నదన్నమాట.

ఈ దీవిలో తొమ్మిది లక్షలకు పైగా జనం కాపురం ఉంటున్నారు. వీరు గాక ఏటా కోటిమందికి పైగా యాత్రికులు ఎండ కాచుకోవడానికీ, సముద్రంలో ఈతలు కొట్టడానికీ ఇక్కడికి వస్తారు. అయితే ఇందరిలో చాలామంది కంటపడని ఒక బుల్లి ప్రాణి ఈ దీవిలో ఉన్నది. అది మీ బొటనవేలంత కూడా పొడవుండదు. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పుట్టి పెరగదు. దాని కథ మీకు చెబుదామని కూర్చున్నాను. కాని ఇంటివాణ్ణి గురించి తెలుసుకోవాలంటే ముందు ఇల్లు చూడాలి కదా!

ఇల్లు ఎలా ఉన్నది?

మయోర్కా వాయవ్య తీరం పొడవునా ఒక పర్వతశ్రేణి గోడ కట్టినట్టు నిలబడి ఉన్నది. దాని పేరు త్రముంతానా. ఆ మాటకు ఉత్తరపు గాలి అని అర్థం. ఈ గోడ సుమారు 90 కిలోమీటర్ల పొడవు. దీనిలో ఎత్తయిన శిఖరం 1,400 మీటర్లకు పైగా ఉంటుంది.

ఈ కొండలు చాలావరకు సున్నపురాయి కొండలు. వాననీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కాస్త పుల్లబడుతుంది. ఆ నీరు సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. వేల ఏళ్ళు, లక్షల ఏళ్ళు ఇలా జరిగితే కొండలో గుహలు ఏర్పడతాయి. మన విశాఖపట్నం వైపు బొర్రా గుహలు చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మయోర్కా తూర్పు తీరాన ద్రాక్ గుహలున్నవి. ద్రాక్ అంటే అక్కడి భాషలో రెక్కల పాము వంటి భూతం. ఆ గుహలలో నేల అడుగున సుమారు 170 మీటర్ల పొడవున్న సరస్సు ఉన్నది.

గుహలే కాదు, వాననీరు కొండలను కోసుకుంటూ పోయి ఇరుకులోయలను కూడా చేసింది. కొన్నిచోట్ల రెండు పక్కలా రాతిగోడలు నిటారుగా లేచి, అడుగున ఎండపొడ కూడా సరిగా పడదు. ఈ ఇరుకులోయలను బాగా గుర్తు పెట్టుకోండి. మన కథానాయకుడి ఇల్లు అదే.

అక్కడి వానల తీరు మనకు తలకిందులు. మనకు జూను నెలలో తొలకరి మొదలవుతుంది. వారికి జూను నుంచి ఆగస్టు దాకా చినుకు రాలడమే అరుదు. వానలు ఎక్కువగా శరదృతువులోనూ చలికాలంలోనూ కురుస్తాయి. ఎండలు మండేటప్పుడు నీళ్ళుండవు, నీళ్ళున్నప్పుడు ఎండ ఉండదు. అందుచేత అక్కడి చెట్లు నీటిని పొదుపుగా వాడుకోవడం నేర్చుకున్నవి. ఆలివ్ చెట్టు ఆకులు చిన్నవి, దళసరివి. పైన్ చెట్ల ఆకులు సూదులు. కొండవాలున పొట్టి తాటిచెట్టు ఒకటి పెరుగుతుంది. ఆకులు మన తాటాకుల్లాగే విసనకర్రలు. కాని చెట్టు మాత్రం సాధారణంగా మనిషెత్తు కూడా ఎదగదు.

దీవి ఈశాన్యంలో అల్బుఫేరా అనే చిత్తడినేల ఉన్నది. అంతా రెల్లుపొదలు, కాలువలు, ఉప్పు కలిసిన నీరు. 19వ శతాబ్దిలో కొందరు దీనిని ఎండగట్టి పంటపొలాలు చేయాలని చూశారు. కాలువలు తవ్వారు, యంత్రాలు పెట్టారు. చివరకు నీరే గెలిచింది. 1988లో ప్రభుత్వం దీనిని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. ఎర్రముక్కు నీలికోడి ఒకప్పుడు ఇక్కడ అంతరించిపోతే, 1991లో వేరేచోటి నుంచి తెచ్చి మళ్ళీ వదిలారు. ఇప్పుడది అక్కడ బాగా పెరుగుతున్నది. మన కొల్లేటిలో తిరిగే నీలికోడి దానికి దగ్గరి చుట్టమే.

ఇక ఒడ్డు దాటి సముద్రంలోకి దిగితే, నీటి అడుగున పచ్చికబయళ్ళు ఉన్నవి! వాటిని పొసిడోనియా అంటారు. ఇది నాచు కాదు. వేళ్ళు, ఆకులు, పూలు, కాయలు ఉన్న నిజమైన మొక్క. చేపపిల్లలకు ఇది ఉయ్యాల. రాలిన ఆకులు ఒడ్డుకు కొట్టుకువచ్చి గుట్టలు పడితే, చలికాలపు అలలు ఇసుకను ఈడ్చుకుపోకుండా అవే అడ్డుకుంటాయి. ఈ మొక్క ఏడాదికి కొద్ది సెంటీమీటర్లు మాత్రమే పాకుతుంది. పడవవాడు లంగరు వేసి లాగితే, ఎన్నో ఏళ్ళ పెంపకం ఒక్క క్షణంలో ఊడివస్తుంది. అందుకే 2018లో బెలియారిక్ ప్రభుత్వం ఈ పచ్చిక మీద లంగరు వేయరాదని శాసనం చేసింది.

ఎలుకపళ్ళ మేక

దీవి అంటే తలుపులు మూసిన ఇల్లు. ఈ మాట ఎందుకంటున్నానో వినండి.

సుమారు 59 లక్షల ఏళ్ళ కిందట, మధ్యధరా సముద్రానికీ అట్లాంటిక్ మహాసముద్రానికీ మధ్య ఉన్న దారి మూసుకుపోయింది. లోపలి నీరు చాలావరకు ఆవిరైపోయింది. అప్పుడు ఖండం నుంచి కొన్ని జంతువులు నడుచుకుంటూ ఈ ప్రాంతానికి వచ్చి చేరాయి. సుమారు 53 లక్షల ఏళ్ళ కిందట జిబ్రాల్టరు దగ్గర దారి తెరుచుకుని, సముద్రం మళ్ళీ నిండింది. వచ్చిన జంతువులు దీవిలో చిక్కుకుపోయాయి. తలుపు మూసుకున్నది.

అలా చిక్కుకున్నవాటిలో మేకజాతి జంతువు ఒకటి ఉన్నది. దీవిలో దానిని వేటాడే పులి లేదు, తోడేలు లేదు. సాధారణంగా మేకకు, జింకకు కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. వెనకనుంచి శత్రువు వస్తే కనిపెట్టడానికే ఆ ఏర్పాటు. శత్రువే లేకపోతే ఆ కాపలా ఎందుకు? తరాలు గడిచిన కొద్దీ ఈ మేక కళ్ళు మన కళ్ళలాగా ముందుకు తిరిగాయి. ఒళ్ళు కురచబడి భుజం దగ్గర అర మీటరు ఎత్తుకు వచ్చింది. మెదడు చిన్నదయింది. కింది ముందుపళ్ళు ఎలుక పళ్ళలాగా జీవితాంతం పెరుగుతూ ఉండేవి. అందుకే శాస్త్రజ్ఞులు దీనికి మయోట్రాగస్ అని పేరు పెట్టారు. అంటే ఎలుక మేక. 1909లో డొరొతియా బేట్ అనే బ్రిటిష్ వనిత మయోర్కా గుహలలో వెదికి దీని ఎముకలను బయటపెట్టింది.

ఎముకలనే ఎందుకన్నానంటే, ఇవాళ ఆ మేక ఒక్కటి కూడా లేదు. నాలుగు వేల ఏళ్ళకు పూర్వం మొదటి మనుషులు పడవలలో ఈ దీవికి వచ్చారు. ఆ తరువాత ఎంతో కాలం గడవకముందే మయోట్రాగస్ అంతరించింది. 50 లక్షల ఏళ్ళు హాయిగా బతికిన జాతికి శత్రువంటే ఏమిటో తెలియదు. పారిపోవాలని కూడా తెలిసి ఉండదు. మూసిన తలుపు తెరుచుకున్నప్పుడు అదే దాని ప్రాణం మీదికి వచ్చింది.

ఎముకల తరువాత ప్రాణం

ఇప్పుడు మన కథానాయకుడి దగ్గరకు వద్దాం.

1977లో శాస్త్రజ్ఞులు మయోర్కాలోని ములేతా అనే గుహ పేరు మీదుగా ఒక కప్పకు నామకరణం చేశారు. వారి దగ్గర ఉన్నవి శిలాజాలు మాత్రమే. ఈ కప్ప కూడా ఎలుకమేకలాగే ఎన్నడో అంతరించిందని అందరూ అనుకున్నారు. కాని మరి రెండు మూడేళ్ళలోనే ఒక వింత జరిగింది. త్రముంతానా కొండల ఇరుకులోయలలో, రాతిగుంటలలో నిలిచిన నీటిలో, కొన్ని తోకకప్పలు కనిపించాయి. ఏమిటా అని పరిశీలిస్తే అవి ఆ శిలాజపు కప్ప సంతానమే! చనిపోయిందని కర్మకాండ కూడా జరిపించిన మనిషి నవ్వుతూ గుమ్మంలోకి వచ్చి నిలబడితే ఎలా ఉంటుంది? శాస్త్రజ్ఞులకు అలాగే అయింది.

దీనిని అక్కడివారు ఫెర్రెరెత్ అంటారు. ఆ మాటకు చిట్టి కమ్మరి అని అర్థం. రాత్రిపూట రాతిసందులలో దాగి ఇది కూస్తుంటే, దూరాన ఎవరో చిన్న సుత్తితో దాగలి మీద టింగు టింగున కొడుతున్నట్టు ఉంటుందట. పెరిగిన కప్ప సుమారు నాలుగు సెంటీమీటర్లకు మించదు.

ఇది మంత్రసాని కప్పల కుటుంబంలోది. ఆ పేరు ఎందుకు వచ్చిందో చెబితే మీ నాన్నగారు కూడా ఆశ్చర్యపోతారు. మన ఇళ్ళ దగ్గర తిరిగే గోదురుకప్ప వేల సంఖ్యలో గుడ్లు నీటిలో పెట్టి తన దారిన తాను పోతుంది. చిట్టి కమ్మరి ఆలి సాధారణంగా పది పన్నెండు గుడ్లే పెడుతుంది. దండలా ఉన్న ఆ గుడ్లను తండ్రి తన వెనక కాళ్ళకు చుట్టుకుంటాడు. సుమారు మూడు వారాలు వాటిని మోస్తూనే తిరుగుతాడు. గుడ్లు పొదిగే వేళకు మడుగులోకి దిగి పిల్లలను నీటిలో వదులుతాడు. అవి తోకతో కలిపి ఏడు సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. అంటే తోకకప్ప అమ్మానాన్నలకన్నా పొడుగన్నమాట! కాళ్ళు మొలిచి కప్ప అయ్యేసరికి మళ్ళీ చిన్నదైపోతుంది.

పిలవని చుట్టాలు

ఇంత ముచ్చటైన ప్రాణి దీవి అంతటా లేకుండా ఆ ఇరుకులోయలలో ఎందుకు దాగి ఉన్నది?

ఒకప్పుడు అది విస్తారంగానే ఉండేది. సుమారు రెండు వేల ఏళ్ళ కిందట, రోమనుల కాలంలో, ఖండం నుంచి ఒక నీటిపాము దీవికి చేరింది. మనుషులు వెంట తెచ్చినదే. దానికి చిట్టి కమ్మరి మంచి భోజనమైంది. కొత్తగా వచ్చిన పెద్ద కప్పలు మడుగులను ఆక్రమించాయి. పాము సులభంగా ఎక్కలేని నిటారు లోయలలో ఉన్నవి మాత్రమే మిగిలాయి.

దీవికి సొంతమైన ఒక బల్లిజాతికీ ఇదే గతి పట్టింది. పిల్లి, పాము వంటి కొత్త జంతువులు వచ్చాక ఆ బల్లి మయోర్కా ప్రధాన భూమి మీద పూర్తిగా నశించింది. కాని చుట్టుపక్కల ఉన్న చిన్న చిన్న దీవులలో బతికింది. నైరుతి కొసన ఉన్న ద్రగోనేరా దీవి మీద ఇప్పుడు కూడా అవి రాళ్ళ మీద ఎండ కాచుకుంటూ ఉంటాయి.

ద్రగోనేరా కథ కూడా వినదగ్గది. అక్కడ విలాసగృహాలు కట్టాలని కొందరు తలపెట్టారు. 1977లో యువకులు కొందరు ఆ దీవి మీదికి వెళ్ళి బైఠాయించి, వీల్లేదన్నారు. 1987లో దానిని ప్రజల సొమ్ముతో కొన్నారు. 1995లో రక్షిత వనంగా ప్రకటించారు. అక్కడి కొండచరియలలో ఎలియనోరా డేగ గూడు కడుతుంది. మిగతా పక్షులు వసంతంలో పిల్లలను చేస్తే ఇది వేసవి చివర చేస్తుంది. ఎందుకో తెలుసా? ఆ సమయంలోనే చిన్న పక్షులు గుంపులు గుంపులుగా యూరపు నుంచి ఆఫ్రికాకు వలసపోతూ ఉంటాయి. డేగపిల్లలకు ఆహారం గూటి ముందుకే నడిచి వస్తుందన్నమాట. పిల్లలు ఎగరడం నేర్వగానే ఈ డేగలు కూడా దూరాన ఉన్న మడగాస్కరు దీవికి ప్రయాణం కడతాయి.

పిలవని చుట్టాలు పాతకాలంలోనే వచ్చారనుకోకండి. పక్కనే ఉన్న ఇబీసా దీవికి తోటల అలంకారం కోసం ఖండం నుంచి ముసలి ఆలివ్ చెట్లను వేళ్ళతో సహా తెప్పించారు. ఆ తొర్రలలో పాములు నిద్రపోతున్నవి. 2003 నుంచి అవి ఇబీసాలో కనపడుతున్నవి. ఇప్పుడక్కడి అందమైన బల్లులను తినేస్తున్నవి. చెట్టును కొన్నవాడికి పామును తెస్తున్నానని తెలియదు!

మంచి మనసు చేసిన పొరపాటు

చిట్టి కమ్మరి దొరికిన తరువాత దానిని కాపాడాలని ఎందరో పూనుకున్నారు. కొన్నిటిని దీవినుంచి తీసుకుపోయి జంతుశాలలలో శ్రద్ధగా పెంచారు. 1989 నుంచి వాటి పిల్లలను తెచ్చి లోయలలోని మడుగులలో వదలసాగారు. సంఖ్య పెరిగింది. అందరూ సంతోషించారు.

కాని ఒక జంతుశాలలో ఈ కప్పలు పెరిగిన గదిలోనే దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన మరో కప్పజాతి కూడా ఉండేది. దాని ఒంటి మీద కంటికి కనిపించని ఒక బూజు ఉన్నది. పేరు కైట్రిడ్. కప్పకు చర్మం అంటే కేవలం చొక్కా కాదు. అది చర్మంతో గాలి పీలుస్తుంది, చర్మంతోనే నీరు తాగుతుంది. ఈ బూజు చర్మాన్ని పట్టి పాడుచేస్తే ఒంట్లోని లవణాలు తప్పిపోయి చివరకు గుండె ఆగిపోతుంది. తోకకప్పకు మాత్రం అది నోటి దగ్గరే అంటుకుని ఉంటుంది. తోకకప్ప చావదు, బూజును మోస్తూ తిరుగుతుంది.

అలా ఆ బూజు, కాపాడడానికి తెచ్చిన కప్పలతోపాటే మయోర్కా మడుగులలో కొన్నిటికి చేరింది. వేల ఏళ్ళు పాముకు దొరకకుండా దాగిన లోయలలోకి, మనిషి చేతి మీదుగానే చావు నడిచి వచ్చింది. ఈ సంగతి 2008లో ప్రకటించారు. బూజు వంశాన్ని పరీక్షించి, అది దక్షిణాఫ్రికా బూజుకు చుట్టమని రుజువు చేశారు.

వారిని నిందించవచ్చునా? శాస్త్రజ్ఞులు ఆ బూజును గుర్తించి పేరు పెట్టినదే 1999లో. కప్పలను వదిలిననాడు అది ఉన్నదని లోకంలో ఎవరికీ తెలియదు. కాని తెలిసిన తరువాత వారు చేసిన పని చూడండి. దాచలేదు. మా వల్లనే జరిగిందని రాసి ప్రకటించారు. ఆపైన దిద్దుబాటుకు పూనుకున్నారు.

మొదట మడుగులలోని తోకకప్పలను పట్టి, మందునీటిలో ఉంచి, నయం చేసి మళ్ళీ వదిలారు. బూజు తిరిగి వచ్చింది! అప్పుడు తెలిసింది, రోగిని బాగుచేసి రోగమున్న ఇంట్లోనే పడుకోబెడితే లాభం లేదని. మరోసారి తోకకప్పలను బయటికి తెచ్చి వైద్యం చేస్తూ, మరోపక్క మడుగులను తోడి, రాళ్ళనూ సందులనూ మందుతో కడిగారు. ఈసారి బూజు పోయింది. ప్రకృతిలో ఉన్న కప్పల నుంచి ఈ బూజును పూర్తిగా తొలగించగలగడం అదే మొదటిసారి అని 2015లో ప్రకటించారు.

నా సీసా కథ

ఇది చదివినప్పుడు నాకు ఒక పాత సంగతి గుర్తుకు వచ్చింది. మీకు చెప్పకపోతే బాగుండదు.

నేను పల్లెటూరి బడిలో పనిచేసే రోజులలో, తొలకరి పడగానే సీసా పట్టుకుని ఊరవతల చెరువుకు పోయేవాణ్ణి. తోకకప్పలను తెచ్చి తరగతిలో బల్ల మీద పెట్టేవాణ్ణి. కాళ్ళెలా మొలుస్తాయో, తోక ఎలా కరిగిపోతుందో పిల్లలు కళ్ళింతలు చేసుకుని చూసేవారు. పాఠం అయ్యాక, మళ్ళీ అంత దూరం ఎవరు పోతారని, బడి వెనక ఉన్న గుంటలో సీసా కుమ్మరించేవాళ్ళం. ప్రాణాలు కాపాడామని సంబరపడేవాళ్ళం కూడా. కీడేమీ జరిగి ఉండకపోవచ్చు. కాని జరగకపోతే అది మా అదృష్టమే గాని మా తెలివి కాదు.

కనుక పిల్లలూ, మీరు తోకకప్పలను తప్పక చూడండి. చెరువు గట్టున కూర్చుని చూస్తే మరీ మంచిది. సీసాలో పట్టితే, ఏ నీటిలోనుంచి తెచ్చారో ఆ నీటిలోనే, ఆ రోజే వదిలిరండి. ఇంట్లో గాజుతొట్టెలో పెంచే చేప మీద, తాబేలు మీద మోజు తీరితే, పాపమని చెరువులోనో కాలువలోనో వదలకండి. అమ్మానాన్నలను అడిగి, పెంచేవారికి ఇవ్వండి. జాలి మంచిదే. ఆ జాలికి కాస్త ఆలోచన కూడా తోడుండాలి.

అట్లాసు మూసేముందు ఆ చుక్కను మరొక్కసారి చూడండి. ఎలుకమేక ఇక రాదు. ఎవరు ఎంత పశ్చాత్తాపపడినా రాదు. కాని త్రముంతానా లోయలలో వేసవి రాత్రి ఎవరైనా చెవి ఒగ్గి నిలబడితే, చీకటిలో ఎక్కడో రాతిసందున, చిట్టి కమ్మరి తన బుల్లి సుత్తితో టింగు టింగుమని కొడుతూనే ఉంటాడు.